చుక్క పొడవని సోమవారం

ఎలుకలు కొట్టుకుంటాయని నాకు తెలుసు. చదువుకునే రోజుల నుంచీ వాటి మధ్యే బతుకుతున్నాను. చెవులు కొరుక్కున్నవాటిని విడదీసి మందు రాయడం నాకు అలవాటే. కానీ తుఫాను వెలిసిన ఆ సోమవారం ఉదయం ల్యాబులో ఎలుకల గది తలుపు తీసినప్పుడు నాకు కనిపించింది కొట్లాట కాదు. పంజరాల్లో పరిచిన రంపంపొట్టు ఎర్రగా తడిసి ముద్దకట్టింది. ఒకదాని పీక ఇంకొకదాని పళ్ల మధ్య అలాగే ఉండిపోయి, రెండూ చచ్చిపడి ఉన్నాయి. ఆ పై వరసల్లో బతికి ఉన్న ఒక్క ఎలుకకి వెనక కాళ్లు లేవు. మనిషిని చూస్తే మూలకి పారిపోవాల్సిన జంతువు, ముందు కాళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చి నా వేలి కోసం ఊచల మీదకి దూకింది.

తలుపు మూసి బయట మెట్ల మీద కూలబడ్డాను. ల్యాబు నడిపే హైమావతి మేడంకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. తుఫాను చెట్లతోపాటు టవర్లను కూడా పడుకోబెట్టింది.

మా ల్యాబు ఋషికొండ దాటాక, సముద్రం వైపు గుట్ట మీద ఉంది. మేం చేసేది నూనె. చేప నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు మనసు జబ్బులకిచ్చే మాత్రలకు కాస్త చేయూతనిస్తాయేమోనని డాక్టర్లు చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. ఒకసారి అవునంటారు, ఇంకోసారి తేలలేదంటారు. చేపకి ఆ కొవ్వు నాచు నుంచి వస్తుంది కదా, నాచునే మార్చేస్తే పోలేదా అన్నది మేడం ఆలోచన. మార్చింది. ఆ నాచు నుంచి తీసిన కొత్త నూనె మెదడు కణాల గోడల్లోకి దూరి కూర్చుంటుంది, ఒక పట్టాన బయటికి రాదు. కిర్రుమనే తలుపు బందులకి చమురు పెట్టినట్టు పనిచేస్తుంది. మాత్రలు మామూలుగా వేసుకుంటూ, పూటకో చెంచా అన్నంలో కలుపుకు తినాలి. అంతే.

ఈ పట్టుదలకి కారణం ఆవిడ తమ్ముడు కొండబాబు. భీమిలిలో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు. పెళ్లయిన కొత్తలోనే అతనికి చెవిలో గొంతులు మొదలయ్యాయి. కంచంలో విషం కలిపారని ఆ గొంతులు చెప్పేవట. పెళ్లాం వరాలు పెడితే తినడు, అక్క పెడితే తినడు. తల్లి సన్యాసమ్మగారు అతని కంచంలోంచి మొదటి ముద్ద తీసుకుని, నమిలి, మింగి, నోరు తెరిచి చూపించాలి. అప్పుడు తినేవాడు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో అన్నం ఆ పద్ధతిలోనే దిగింది. మాత్రలతో సగం తగ్గింది. వేసవిలో మా నూనె మొదలుపెట్టాక మిగతా సగం తగ్గింది. దసరాకి నేను వాళ్లింటికి వెళ్తే కొండబాబు నాకు ఎదురొచ్చి, "విక్టరు బావా, ఐసు పెట్టిన చేపలు తెచ్చుకో, నీకు ఊరికే ఇస్తాను" అని పరాచికాలాడాడు. ఆ రోజు సన్యాసమ్మగారు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచాలి?

మేడం మధ్యాహ్నం కావస్తుండగా వచ్చింది. ఊళ్లో క్వార్టర్సు నుంచి సగం దూరం నడిచిందట, మోకాళ్లదాకా బురద. ఎలుకల గదిలోకి వెళ్లి ఒక్కో పంజరాన్నీ వంగి చూసింది.

"తుఫాను గాలికి, కరెంటు పోయిన చీకటికి బెదిరిపోయి ఉంటాయి మేడం," అన్నాను.

"బెదిరితే అన్నీ బెదరాలి. కింది వరస చూడు."

కింది వరసలోవి కూడా నూనె తాగేవే. అవి మాత్రం ఒకదాని మీద ఒకటి పడుకుని హాయిగా నిద్రపోతున్నాయి. ఎదుటి గోడకి ఉన్నవి నూనె ఇవ్వని ఎలుకలు. అవి నీరసంగా ఊచలు నాకుతున్నాయి గానీ ఒకదాన్ని ఒకటి ముట్టుకోలేదు.

"కింది వరసకి నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదు మేడం. శనివారం ఆఖరి బస్సు పోతుందని తొందరలో, సంచిలో ఉన్న మేతంతా వాటికే కుమ్మరించాను. మిగతావాటికి ఆదివారం వచ్చి వేద్దామనుకున్నా. ఆదివారం ఇంట్లోంచి ఎవడు కదిలాడు?"

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. ఆ కాళ్లు లేని ఎలుకని పట్టుకుని, చేతి తొడుగుని కొరకనిస్తూనే దాని రక్తం తీసింది. జనరేటర్ వేసి మిషన్ నడిపాం. తెర మీద మా నూనె గీత లేచింది, లేచింది, తెర పై అంచు దాటి కనిపించకుండా పోయింది.

"ఆకలేస్తే ఒళ్లు తన కొవ్వు తనే కరిగించుకు తింటుంది విక్టర్," అంది మేడం. "మెదడులో పట్టగా మిగిలిన మన నూనె అంతా ఆ కొవ్వులోనే దాక్కుంది. ఆకలేసేసరికి మొత్తం ఒక్కసారి మెదడు మీద పడింది. చమురు ఎక్కువైతే తలుపు బందుల్లో నిలవదు కదా. మన ఎలుకలకి ఇన్నాళ్లలో ఎప్పుడైనా ఆకలేసిందా?"

"లేదు. రాత్రీ పగలూ గిన్నెలు నిండుగానే ఉంచుతాం."

"పేషెంట్లకి?"

నాకు నవ్వొచ్చింది. నా నోటి దురుసు నాకే ఎప్పుడూ చేటు. "మన తల్లులు మందు మింగే బిడ్డని పస్తు పెడతారా మేడం? వద్దన్నా కుక్కుతారు."

ఆవిడ నవ్వలేదు. గోడ మీద క్యాలెండర్ వంక చూసింది. నేను చర్చికి వెళ్లేవాణ్ణి, నాకు ఆ కాగితం మీద సెలవు రోజులు తప్ప ఏమీ కనిపించవు. ఆవిడకి కనిపించింది. కార్తీకం మొదటి సోమవారం.

పేషెంట్లను చేర్చుకునేటప్పుడు మేం ఏం తింటారని అడిగాం. చేపలెన్నిసార్లు, నెయ్యి ఎంత, వేరుశనగ నూనా పామాయిలా, అన్నీ అడిగాం. ఎప్పుడు తినరని ఒక్కరినీ అడగలేదు.

కిటికీ పక్కన నిలబడితే సిగ్నల్ ఒక్క గీత వచ్చింది. మేడం భీమిలిలో పుట్టింటికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, తమ్ముడు తిన్నాడా?"

"ఇయ్యాల కార్తీక సోమారం గదే," అంది సన్యాసమ్మగారు. "సుక్క సూసాక తింటాం. ఇద్దరం ఉన్నాం."

"వాడెందుకున్నాడు? ఎప్పుడూ ఉండడు కదా!"

"అప్పుడు ఒంట్లో బాగోలేక ఉండనేదు. ఆడికి బాగైతే కార్తీక సోమారాలన్నీ ఇద్దరం కటిక ఉపాసం ఉంటామని ఆ శివుడికి మొక్కుకున్నాను. బాగయ్యాడు గదా మరి? నిన్న మజ్జానం తిన్నాడంతే, రాత్రి కూడా ఒద్దన్నాడు."

"అమ్మా, నా మాట విను. ఇప్పుడే వాడికి ఏదో ఒకటి పెట్టు. బెల్లం ముక్కయినా సరే, పంచదార నీళ్లయినా సరే."

"ఏటే ఆ మాటలు? మొక్కు మద్దిలో తుంచేస్తే మళ్లీ తిరగబెడతాది."

"వాడెలా ఉన్నాడు?"

"తలనొప్పంట. పొద్దుట్నించీ గోడకేసి తల కొట్టుకుంటన్నాడు. ఏదో ఒకటి గొణుగుతన్నాడు. సుక్క సూసి తింటే అదే తగ్గిపోద్ది."

వెనక ఏదో గిన్నె విసిరికొట్టిన చప్పుడు, ఆడమనిషి కేక వినిపించాయి. ఫోన్ తెగిపోయింది.

అప్పటికి ల్యాబుకి చేరిన ఇద్దరు ముగ్గురికి పేషెంట్లందరి ఇళ్లకీ ఫోన్లు చేయమని, ఎవరు ఉపవాసం ఉన్నా వెంటనే తీపి తినిపించమని చెప్పి మేడం నా బైకెక్కింది. భీమిలి మామూలు రోజుల్లో దగ్గరే. ఆ రోజు రోడ్డు నిండా సరుగుడు చెట్లు, కరెంటు తీగలు, ఎగిరొచ్చి పడ్డ రేకులు. చెట్టు దగ్గరల్లా దిగాం, బైకుని ఇసుకలోంచి తోశాం, మళ్లీ ఎక్కాం. మేడం వెనక నుంచి, "పోనీ విక్టర్, పోనీ," అంటూనే ఉంది. పొద్దు వాలుతోంది. ఆకాశమంతా నల్లటి మబ్బు, గోరంత చీలిక కూడా లేదు.

ఒకచోట సిగ్నల్ తగిలి ఆవిడ ఫోన్ మోగింది. ల్యాబు నుంచే. విజయనగరం వైపు ఒక కుర్రాడు తండ్రిని గునపంతో పొడిచాడు. తుని దగ్గర ఒకావిడ సొంత చెల్లెలి మొహం మీద సలసల కాగే నీళ్లు పోసింది. ఇద్దరూ మా వాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు. బాగుపడనివాళ్ల ఇళ్లన్నీ క్షేమంగా ఉన్నాయట. వాళ్లకి వేళకి అన్నం పెట్టారు మరి! ఉపవాసం ఉన్నది బాగయినవాళ్లు, బాగయినందుకు. మేం ఎవరిని నయం చేశామో సరిగ్గా వాళ్లనే వెతికి పట్టుకుంది ఆ సోమవారం.

భీమిలిలో కొండబాబు వాళ్ల వీధిలో జనం గుంపుగా ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలు. వరాలు ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉంది, ఒక చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా వేలాడుతోంది. పక్కింటాయన చెవి సగం తెగి భుజం మీద రక్తం కారుతోంది. కొండబాబు కొరికేశాడట.

"లోపలకెళ్లకండొదినా," అంది వరాలు పళ్లు బిగించి. "ఆయన మన మనిషి కాడిప్పుడు. అత్త రానంటంది. సుక్క సూడకుండా పెరట్లోంచి లెగనంటంది."

కుర్రాళ్లు కొందరు లోపలికి పోయి అతన్ని చావబాదాలని చూస్తున్నారు. మేడం వాళ్లని తోసుకుని లోపలికి దూరింది. ఆవిడ వెనకే నేనూ దూరి తలుపు గడియ వేశాను. నేనేమీ ధైర్యస్థుణ్ణి కాదు, ఆవిడ ఒక్కతే వెళ్తుంటే బయట నిలబడలేకపోయాను.

ముందుగదిలో ఒక్క వస్తువు నిలువుగా లేదు. టీవీ పగిలింది, మంచం కోళ్లు విరిగాయి, గోడ మీద అతని నుదుటి రక్తం అరచేయంత మచ్చ. వంటింటి గుమ్మంలో కొండబాబు నిలబడి ఉన్నాడు, చేతిలో రోకలి. కళ్లు మా వైపే ఉన్నాయి గానీ మమ్మల్ని పోల్చుకోలేదు. పొద్దున నా వేలి కోసం దూకిన ఎలుక కళ్లు గుర్తొచ్చాయి.

"కొండబాబూ, నేన్రా, విక్టర్ని," అన్నాను.

రోకలి రావడం నేను చూడలేదు. భుజం ఎముక పుటుక్కుమన్న చప్పుడు మాత్రం విన్నాను. గోడకి కొట్టుకుని కింద పడ్డాను. ఇంకోటి నా తల మీద పడాల్సింది, మేడం అతని నడుం పట్టుకుని వెనక్కి లాగింది. అతను మోచేత్తో ఆవిడ మొహం మీద పొడిచాడు. ముక్కులోంచి రక్తం కారుతుండగానే ఆవిడ పాక్కుంటూ వంటింట్లోకి పోయి, డబ్బాలన్నీ కింద పడేసి, బెల్లం అచ్చు దొరకబుచ్చుకుంది.

"తినరా తమ్ముడూ. ఇది తింటే తగ్గిపోతుంది. నా తండ్రివి కదా, తిను."

"దాన్లో ఏటి కలిపినావు?" అన్నాడు. మాట మాత్రం వచ్చింది, అది పాత కొండబాబు మాట, జబ్బు రోజుల మాట. "నన్ను సంపడానికొచ్చినావు. నాకు తెలుసు. అమ్మ తినాల. ముందు అమ్మ తినాల."

పెరట్లో తులసికోట ముందు దీపం వెలుగుతోంది. దాని పక్కన సన్యాసమ్మగారు తడి బట్టలతో, తలెత్తి ఆకాశం వంక చూస్తూ కూర్చుని ఉంది. కొడుకు ఇల్లంతా బద్దలు కొడుతుంటే ఆవిడ చుక్క కోసం చూస్తోంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. కానీ ఆవిడ మొహం చూస్తే తెలుస్తుంది, కొడుకుని కాపాడుతున్నాననే అనుకుంటోంది. మొక్కు చెల్లితేనే వాడు బతుకుతాడని ఆవిడ లెక్క. తింటేనే బతుకుతాడని కూతురి లెక్క.

"అమ్మా!" మేడం పెరటి గుమ్మంలోంచి అరిచింది. "ఒక్క ముక్క కొరుకు. నువ్వు కొరికితే వాడు తింటాడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"సుక్క పొడవనీవే. కూసింత సేపే."

"ఆ మబ్బులో చుక్క ఎక్కడ పొడుస్తుందే? ఇదంతా నా నూనె చేసిన పనమ్మా. దేవుడికేం సంబంధం లేదు. ఆకలేస్తే అది వాడి తలకెక్కుతోంది. నీ ఉపవాసం వాణ్ణి చంపేస్తోంది!"

"ఆడు బాగయిందే ఆ సామి వల్ల. ఇప్పుడు మాట తప్పితే మళ్లీ ఆ గొంతులొస్తాయే ఆడికి."

"వచ్చేశాయమ్మా!"

ఆ మాటకి ఆవిడ మొదటిసారి ఆకాశం మీంచి చూపు దించి కొడుకుని చూసింది.

కొండబాబు అప్పటికే రోకలి పైకెత్తాడు. అది మేడం తల మీదకి వస్తోంది. ఆవిడ అమ్మ వైపు తిరిగి ఉంది, చూసుకోలేదు. నేను లేవలేకపోయాను. అరవడం అరిచాను. సన్యాసమ్మగారు ఎలా లేచిందో, ఆ వయసులో, రోజంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఎలా అంత దూరం దూకిందో తెలీదు. కూతుర్ని పక్కకి తోసి తను ఆ చోటికి వచ్చింది. రోకలి ఆవిడ నడినెత్తికి పక్కగా దిగింది.

ఆవిడ కూర్చున్నట్టుగానే కిందికి జారిపోయింది. కొండబాబు మళ్లీ ఎత్తాడు.

మేడం చేతిలోంచి జారిన బెల్లం అచ్చు నేల మీద పడి ఉంది. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వెళ్లి దాన్ని అందుకుంది. చెంప మీంచి కారుతున్న రక్తంతోపాటే అంచు కొరికింది. నమిలింది. కష్టంగా మింగింది. తర్వాత నోరు తెరిచి చూపించింది, ఏళ్ల తరబడి చూపించినట్టే.

"తిన్నాన్రా అయ్యా. సూడు. ఏటీ నేదు అందులో. తిను."

రోకలి గాల్లోనే ఆగింది. అతని మోకాళ్లు వంగాయి. తల్లి చేతిలోని బెల్లాన్ని నోటితోనే అందుకుని నమలడం మొదలుపెట్టాడు. మేడం చెంబెడు నీళ్లలో చేతికందిన పంచదారంతా పోసి తెచ్చి తాగించింది. గటగటా తాగాడు, ఇంకా అన్నాడు, ఇంకా పోసింది.

ఈలోగా వీధిలో కుర్రాళ్లు తలుపు విరగ్గొట్టుకుని వచ్చి మీద పడ్డారు. కర్రలతో, కాళ్లతో వీపు పగిలేలా కొట్టారు. మేడం తమ్ముడి మీద బోర్లా పడుకుంది. ఆవిడకీ తగిలాయి. "తింటున్నాడు, కొట్టకండి, తింటున్నాడు," అని ఆవిడ అరుస్తుంటే వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలా అవుతుంది?

వాళ్లు అలిసి ఆగేసరికి కొండబాబు కళ్లలోకి మనిషి తిరిగొచ్చాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత రోకలిని చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. ఆ పైన అతను వేసిన కేక గురించి నేను రాయను.

అంబులెన్సు చెట్లు దాటి రాలేకపోయింది. మబ్బు అలాగే ఉంది. సన్యాసమ్మగారు చుక్క చూడలేదు.

మర్నాడు పోస్టుమార్టం అయ్యి, శవాన్ని సముద్రం ఒడ్డున శ్మశానానికి తెచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. కొండబాబుని పోలీసులు జీపులో తెచ్చారు. తలకొరివి పెట్టాల్సింది అతనే. స్టేషన్లో రాత్రి ఇడ్లీ తినిపించారట, మేడం ఎస్సై కాళ్లావేళ్లా పడితే. పొద్దుట్నించి మాత్రం నోరు తెరవలేదు. నూనె ఆపేసినా కొవ్వులో చేరింది ఇక అక్కడే ఉంటుంది. అంటే అతను ఇక బతికినన్నాళ్లూ ఆకలితో ఉండటానికి వీల్లేదు. జబ్బు చేసినా, జైల్లో ఉన్నా, దుఃఖంలో ఉన్నా వేళకి తినాలి. మా నూనె తాగినవాళ్లందరికీ అదే శిక్ష. ల్యాబులో వాళ్లు పొద్దుట్నించీ అన్ని ఇళ్లకీ ఫోన్లు చేసి ఒకటే అడుగుతున్నారు, భోంచేశారా అని.

కొండబాబు చితి పక్కన నిలబడి కణతలు నొక్కుకుంటున్నాడు. సంకెళ్ల చేతుల మధ్య తల పట్టుకుని గొణగడం మొదలుపెట్టాడు. పక్కనున్న కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మేడం నా చేతిలోని క్యారియర్ తీసుకుంది. దహనం అయ్యేదాకా వాళ్లింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి మా ఆవిడ చేసి పంపిన పెరుగన్నం. మేడం మూత తీయగానే మేనమామ అడ్డొచ్చాడు.

"ఏటమ్మా ఇది? కర్మ సేసీవోడు కొరివి పెట్టకుండా ముద్ద ముట్టుకుంటాడా? పైగా ఆళ్లింటి అన్నం! మా అప్ప ఆత్మకి శాంతుంటదా?"

"మీ అప్ప వాడు తినడం కోసమే చచ్చిపోయింది మామయ్యా. పక్కకి తప్పుకో," అంది మేడం. వాచిపోయిన మొహంతో, ముక్కు మీద కట్టుతో ఆవిడ అలా అంటే ఆయన నిజంగానే తప్పుకున్నాడు.

కొండబాబు తల అడ్డంగా ఊపాడు. "ఒద్దక్కా. అమ్మని సంపినోడికి కూడెందుకు? ఇలగే మాడి సచ్చిపోనీ."

"నువ్వు మాడితే చచ్చేది నువ్వు కాదు. వరాలు. ఈ కానిస్టేబులు. ఎవరో ఒకరు. నీకు ఆ వీలు కూడా లేకుండా చేశాన్రా నేను."

ఆవిడ క్యారియర్ గిన్నెలోంచి మొదటి ముద్ద తీసుకుంది. చితి మీద తల్లి ఉండగా, చుట్టాలందరూ చూస్తుండగా, ఆ కూతురు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, మింగింది, నోరు తెరిచి తమ్ముడికి చూపించింది. ఎవరో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు, చూసినదానికి చెవులెందుకు మూసుకున్నారో వాళ్లకే తెలియాలి.

రెండో ముద్ద అతని నోటి దగ్గర పెట్టింది. అతని పెదవులు తెరుచుకోలేదు. ముద్ద వంక, చితి వంక చూసి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు.

"అమ్మ తిన్నాదా?"

"తింది. మొదటి ముద్ద అమ్మే తింది. నువ్వు చూశావు కదా," అంది మేడం.

కొండబాబు నోరు తెరిచాడు.